అబ్దుల్లాపురం ఏరోడ్రోం: విమానం ఎప్పుడని కాదు, ఎవరి కోసమని అడుగుదాం

 ఈసారి కొంచెం పొడవుగానే రాస్తున్నాము. తీరిగ్గా చదవండి.

మన కూటం ఎప్పుడు జరిగినా కాఫీ వేళకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అబ్దుల్లాపురంలో విమానం ఎప్పుడు లేస్తుంది?" ఒకరు వచ్చే పొంగలికి అంటారు. ఇంకొకరు ఎలక్షన్‌కు ముందు అంటారు. అందరమూ నవ్వుకుని ఇళ్లకు పోతాము. ఇట్లా ఏండ్లు గడిచిపోయినాయి. మేము చెప్పదలచింది ఏమంటే, మనం అడగవలసిన ప్రశ్న అది కాదు. విమానం ఎప్పుడు నడపాలి అనేది కంపెనీవాడు లాభం చూసుకుని తేల్చుకునే సంగతి. ఆ స్థలం ఎవరికి, దేనికి పనికి రావాలి అనేది మాత్రం ఇక్కడ ఉండేవాళ్లం తేల్చవలసిన సంగతి. మనం అది అడగడం లేదు కాబట్టి ఎవరూ జవాబు చెప్పడం లేదు.

ముందు ఉన్నదేమిటో చూద్దాం. రాయవేలూరు నుంచి బెంగుళూరు హైవే మీద పళ్లికొండ వైపు వస్తే అబ్దుల్లాపురం. అక్కడి ఏరోడ్రోం బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది. చాలా ఏండ్లు ఊరికే పడి ఉండింది. రెండువేల తర్వాత కొంత కాలం మద్రాసు ఫ్లయింగ్ క్లబ్ వాళ్లు అక్కడ శిక్షణ విమానాలు నడిపినారు. మన అణైకట్ తట్టు వాళ్లలో కొందరికి ఆ చిన్న విమానాలు నెత్తిమీద తిరగడం గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కేంద్రం వారి ఉడాన్ పథకంలో వేలూరు పేరు చేరింది. ఏర్‌పోర్ట్స్ అథారిటీ వారు రన్‌వే బాగు చేసినారు, టెర్మినల్ కట్టినారు. రన్‌వే పొడవు కిలోమీటరు లోపే. కాబట్టి 19 సీట్ల చిన్న విమానం వస్తుందని చెప్పినారు. మేము ఇది రాసే నాటికి టికెట్టు కొని ఎక్కే విమానం ఏదీ అక్కడినుంచి లేవలేదు.

సరే, రేపే లేచిందనుకుందాం. ఎక్కడికి పోతుంది? మద్రాసుకు, లేకపోతే బెంగుళూరుకు. కాట్పాడి నుంచి మద్రాసు 130 కిలోమీటర్లు. దక్షిణాదిలో మొదటి వందే భారత్ 2022 నవంబరులో మద్రాసుకు, మైసూరుకు మధ్య మొదలైంది. అది కాట్పాడిలో నిలుస్తుంది, రెండు గంటల లోపే మద్రాసు సెంట్రల్‌లో దించుతుంది. ఇంటినుంచి అబ్దుల్లాపురం పోయి, గంట ముందే నిలబడి, తనిఖీ చేయించుకుని, ఎక్కి, మీనంబాక్కంలో దిగి, ఊళ్లోకి పోయేసరికి రైలువాడు ఇంటికి చేరి భోజనం చేసి ఉంటాడు. రైల్వేలో పనిచేసినాము కాబట్టి రైలును మెచ్చుకుంటున్నామని అనుకోకండి. టైంటేబుల్ తీసి మీరే లెక్క వేయండి.

ఇంకొక మాట అంటారు. సీఎంసీ ఆస్పత్రికి బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి, అస్సాం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వేలమంది వస్తున్నారే, వాళ్లకు విమానం వద్దా అని. ఆ జనాన్ని మేము కౌంటర్ అవతల చాలా ఏండ్లు చూసినాము. క్యాన్సర్ రోగికి, గుండె రోగికి, కిడ్నీ రోగికి రైల్వే ఇచ్చే కన్సెషన్ ఫారాలు ఎన్ని పరిశీలించి టికెట్టు కొట్టినామో లెక్కలేదు. ఆ మనుషులు స్లీపర్‌లో రెండు రాత్రులు ప్రయాణం చేసి వచ్చేవాళ్లు. వాళ్లలో విమానం ఖర్చు పెట్టగలిగినవాళ్లు కలకత్తా నుంచి నేరుగా మద్రాసు పోయి అక్కడినుంచి కారులో వస్తున్నారు. కలకత్తా నుంచి అబ్దుల్లాపురానికి 19 సీట్ల విమానం నేరుగా రాలేదు, దానికి అంత దూరం పోయే శక్తి లేదు. కాబట్టి ఆ రోగుల పేరు చెప్పి ఈ విమానం అడగడం న్యాయం కాదు. మద్రాసులో పెద్ద విమానం మారేవాళ్లకు, అంటే అమెరికా పోయే మన పిలకాయలకు, కొంచెం సుఖం ఉండవచ్చు. అది 19 సీట్ల సుఖమే.

ఉడాన్ లెక్కలు కూడా చూద్దాం. ఆ పథకం కింద మొదటి విమానాలు 2017 ఏప్రిల్ 27న లేచినాయి. సిమ్లా–ఢిల్లీతో పాటు మన కడప–హైదరాబాదు కూడా ఆ మొదటి రోజు జాబితాలో ఉంది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు ఇవ్వాలి, వచ్చే నష్టాన్ని మూడేండ్లు సర్కారు పూడుస్తుంది అని ఏర్పాటు. మంచి ఆలోచనే. కాగ్ వారు 2023లో ఇచ్చిన రిపోర్టు చూస్తే, మొదటి మూడు విడతలలో ఇచ్చిన 774 దారులలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేండ్లు పూర్తిగా నడిచినవి 112. ఆ మూడేండ్లు దాటి, సర్కారు దుడ్డు ఆగినాక కూడా, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. పక్కన సేలం చూడండి. 2018 మార్చిలో విమానం మొదలైంది, 2021లో నిలిచిపోయింది, మళ్లీ 2023 అక్టోబరు దాకా లేదు. సేలంకు మనకంటే పొడవైన రన్‌వే ఉంది. అక్కడే ఇట్లా అయితే ఇక్కడ ఎట్లా అవుతుందో ఊహించుకోవచ్చు.

అయితే ఆ స్థలం దేనికీ పనికి రాదా? పనికి వస్తుంది. ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. విమానాశ్రయం అనగానే మనకు టికెట్టు, బోర్డింగు, సూట్‌కేసు గుర్తుకు వస్తాయి. అది రైల్వేలో పాసింజరు బండ్ల లాంటిది. కానీ రైలు పట్టాల మీద పాసింజరు ఒకటే పోతుందా? గూడ్సు పోతుంది, పట్టాలు పరీక్షించే ట్రాలీ పోతుంది, ప్రమాదం జరిగితే రిలీఫ్ బండి పోతుంది, డ్రైవర్లకు శిక్షణ ఇస్తారు. విమానాల్లోనూ అంతే. టైంటేబుల్ లేని ఎగరడం అంతా కలిపి జనరల్ ఏవియేషన్ అంటారు. పైలట్ల శిక్షణ, ఏర్ అంబులెన్స్, అద్దె విమానం, కంపెనీల సొంత విమానం, సర్వే, విమానాల రిపేరు, ఇవన్నీ దానిలోవే. లోకంలో ఉండే విమానాశ్రయాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే, టికెట్టు బండి రానివే.

దీనికి నమూనా చూడాలంటే మన పిలకాయలు ఉండే చోటికే పోదాం. మన సంఘంలో టెక్సాస్‌లో కొడుకో కూతురో లేని వీధి లేదు. డల్లస్ చుట్టూ, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ అంటూ తెలుగువాళ్లు నిండి ఉన్నారు. ఆ ప్లేనోకు, డల్లస్‌కు మధ్యలో ఆడిసన్ అని చిన్న ఊరు. విస్తీర్ణం నాలుగున్నర చదరపు మైళ్లు కూడా లేదు. 2020 జనాభా లెక్కలో 16,661 మంది. మన గుడియాత్తంలో కొన్ని వార్డులు కలిపితే అంత. ఆ ఊరి మునిసిపాలిటీకి సొంతంగా ఒక విమానాశ్రయం ఉంది. టికెట్టు విమానం ఒకటీ రాదు. అయినా ఏడాదికి సుమారు లక్ష సార్లు విమానాలు లేవడం, దిగడం జరుగుతుంది. టెక్సాస్‌లో ఈ రకం విమానాశ్రయాల్లో బాగా రద్దీగా ఉండేవాటిలో అది ఒకటి.

దాని పుట్టుపూర్వం వింటే రైల్వే వాళ్లకు సంతోషం. ఆ ఊరు మొదట రైలు జంక్షనే. నోయెల్ జంక్షన్ అనేవారు. 1953లో మునిసిపాలిటీ అయింది. 1957లో ప్రైవేటువాళ్లు అక్కడ విమానాశ్రయం తెరిచినారు. అప్పుడు చుట్టూ పొలాలే. డల్లస్ పెరిగి పెరిగి ఉత్తరానికి వచ్చింది, పొలాలు ఆఫీసులు అయినాయి, ఆ స్థలం విలువ పెరిగింది. ప్రైవేటువాడు ఆ జాగా ఎప్పుడైనా అపార్టుమెంట్లకు అమ్ముకోవచ్చు. 1976లో ఆ చిన్న మునిసిపాలిటీ కేంద్ర ప్రభుత్వ సహాయంతో విమానాశ్రయాన్ని కొనేసింది. ఊరు కొన్నది కాబట్టే అది నేటికీ నిలిచి ఉంది అని మా అభిప్రాయం.

కొన్నాక ఎట్లా నడుపుతున్నారు? మన రైల్వే స్థలాల లైసెన్సు లాంటిదే. నేల ఊరిది. ప్రైవేటువాడు దీర్ఘకాలం లీజుకు తీసుకుని హ్యాంగర్, అంటే విమానం షెడ్డు, కట్టుకుంటాడు. లీజు ముగిస్తే ఆ కట్టడం ఊరికి చేరుతుంది. నేల బాడుగ, షెడ్డు బాడుగ, పెట్రోలు మీద గాలనుకు ఇంత అని రుసుము, ఇవి రాబడి. ఈ లెక్క మునిసిపాలిటీ మిగతా లెక్కలో కలపరు, వేరు పద్దు. అక్కడి కేంద్రం చట్టం ఏమంటుందంటే, విమానాశ్రయం రాబడి విమానాశ్రయానికే ఖర్చు పెట్టాలి, వేరే పనికి మళ్లించరాదు. కేంద్రం గ్రాంటు తీసుకున్నావా, అందరి విమానాలకూ సమానంగా తెరిచి ఉంచాలి. మరి ఊరికి లాభం ఏమిటి? కంపెనీల విమానాల మీద ఆస్తిపన్ను వస్తుంది. మెకానిక్కు, క్లర్కు, వాచ్‌మన్, పెట్రోలు బండి డ్రైవరు, ఇట్లా కొలువులు వస్తాయి. ఆఫీసులు ఆ ఊరినే వెతుక్కుంటూ వస్తాయి.

ఇంకొక సంగతి మాకు బాగా నచ్చింది. రన్‌వే అంటే ఊరికి అడ్డంగా పడుకున్న గోడ. అటువైపు పిల్ల ఇటువైపు బడికి రావాలంటే చుట్టి రావాలి. ఆడిసన్‌లో 1999లో రన్‌వే కింద సొరంగం తవ్వి దారి వేసినారు. టోల్ ఇచ్చి కింద పోవచ్చు, పైన విమానం పోతుంది. మన వైపు లెవెల్ క్రాసింగ్ గేటు వేస్తే ఎంతసేపు నిలబడతామో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. విమానాశ్రయం పెరిగితే ఊరి దారి తెగుతుంది. తెగిన దారికి బదులు దారి ఇవ్వాలి అనే మాట ముందే రాయించుకోవాలి. 2025 అక్టోబరులో పాత రైలుదారి మీదే ఆ ఊరికి కొత్త రైలు కూడా వచ్చింది, డల్లస్ పెద్ద విమానాశ్రయం దాకా పోతుంది. విమానం వచ్చిందని రైలును వదిలేయలేదు వాళ్లు.

అంతా బంగారం అని చెప్పడం లేదు. 2019 జూన్ 30న అదే ఆడిసన్‌లో ఒక చిన్న విమానం లేచిన కొద్ది క్షణాలకే పక్కనున్న హ్యాంగర్ మీద పడింది. లోపల ఉన్న పదిమందీ పోయినారు. హ్యాంగర్‌లో మనుషులు లేకపోవడం వల్ల అంతటితో ఆగింది. ఊరి నడుమ విమానాశ్రయం అంటే ఈ భయం ఎప్పుడూ ఉంటుంది.

కాలిఫోర్నియాలో సాంటా మోనికా అని ఇంకొక ఊరు. అక్కడి విమానాశ్రయమూ ఊరి మునిసిపాలిటీదే. డగ్లస్ కంపెనీ వాళ్ల డీసీ-3, మన దేశంలో డకోటా అని పేరు పడిన విమానం, 1935 డిసెంబరు 17న మొదటిసారి లేచింది అక్కడే. అంత పేరున్న స్థలం. విమానాల పని పెరిగే కొద్దీ పనివాళ్లు వచ్చినారు, చుట్టూ ఇళ్లు వచ్చినాయి, తర్వాత జెట్ విమానాలు వచ్చినాయి, చప్పుడు తట్టుకోలేక జనం తిరగబడినారు. మూసేస్తామని మునిసిపాలిటీ అంటే కేంద్రం ఒప్పుకోలేదు. ఏండ్ల తరబడి కోర్టులు. ఆఖరికి 2017లో రాజీ కుదిరింది. రన్‌వేను 3,500 అడుగులకు తగ్గించుకోవచ్చు, 2028 డిసెంబరు 31 తర్వాత మూసుకోవచ్చు అని. తనదైన స్థలాన్ని మూసుకోవడానికి కూడా ఆ ఊరికి ఇన్నేండ్లు పట్టింది. అయినా అడగడానికి అర్హత ఉండింది, ఎందుకంటే స్థలం వాళ్లది. ఆడిసన్ ఊరు ఉంచుకుంది, సాంటా మోనికా ఊరు వద్దనుకుంది. రెండు చోట్లా తేల్చింది ఊరివాళ్లే. మేము చూపదలచింది అదే.

అమెరికా మాట మనకెందుకు అనేవాళ్లకు మన తెలుగు ముచ్చట ఒకటి. బేగంపేట విమానాశ్రయం నిజాం సంస్థానం కాలంలో పుట్టింది. అప్పటి నిజాం స్టేట్ రైల్వే రైళ్లు ఒకటే నడపలేదు. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. 1945లో టాటా వాళ్లతో కలిసి దక్కన్ ఏర్‌వేస్ పెట్టింది, ఇందాక చెప్పిన డకోటాలే నడిపింది. 1953లో అన్ని కంపెనీలనూ జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఏర్‌లైన్స్‌లో కలిసింది. అంటే రైలు, బస్సు, విమానం మూడూ ఒక రైల్వే ఆఫీసు కిందికి వచ్చిన కాలం ఒకటి ఉండింది! ఇప్పటి వాళ్లకు చెబితే నమ్మరు. 2008 మార్చి 23న శంషాబాదు తెరిచినాక బేగంపేటలో టికెట్టు విమానాలు ఆగిపోయినాయి. అంతటితో అది చచ్చిపోయిందా? లేదు. శిక్షణ విమానాలకు, ప్రత్యేక విమానాలకు, పెద్దమనుషుల రాకపోకలకు పనికి వస్తూనే ఉంది. వింగ్స్ ఇండియా అనే విమానాల ప్రదర్శన 2018, 2020, 2022, 2024లో అక్కడే జరిగింది. టికెట్టు బండి లేకపోయినా స్టేషను బతకవచ్చు అనడానికి అది సాక్ష్యం.

ఇక మన చట్టం సంగతి. మన రాజ్యాంగంలో ఏరోడ్రోం పెట్టడం, నడపడం, నియమాలు చేయడం కేంద్రం జాబితాలో 29వ అంశం. 74వ సవరణతో మునిసిపాలిటీలకు ఇచ్చిన 18 పనుల పట్టికలో నీళ్లు, దారులు, దీపాలు, శ్మశానం ఉన్నాయి, విమానాశ్రయం లేదు. కాబట్టి వేలూరు మానగరాట్చి రేపు పోయి అబ్దుల్లాపురం కొనేస్తుందని మేము కల కనడం లేదు. అయినా కేంద్రమే అంతా అని కూడా లేదు. కర్నూలు ఓర్వకల్లు విమానాశ్రయం ఆంధ్ర రాష్ట్రం సొంత కార్పొరేషన్‌ది, 2021లో తెరిచినారు. శివమొగ్గ విమానాశ్రయాన్ని 2023 నుంచి కర్నాటక సర్కారే నడుపుకుంటోంది. కొచ్చిలో 1994లో కంపెనీ పెట్టి, విదేశాల్లోని మలయాళీల దుడ్డు కూడా చేర్చి, 1999లో విమానాశ్రయం తెరిచినారు. ఇక్కడి జనానికి పాత్ర ఉండకూడదని చట్టం ఎక్కడా చెప్పలేదు. అడిగినచోట పాత్ర దొరికింది.

మన వైపు పాత రోజుల్లో కుడిమరామత్తు అని ఉండేది. చెరువు పూడిక, కాలువ గండి, తూము మరామత్తు ఊరివాళ్లే చూసుకునేవాళ్లు, ఎందుకంటే నీళ్లు పారేది వాళ్ల కయ్యలకు. ఆనకట్ట పేరే మన ఊరి పేరు. ఎప్పుడైతే చెరువు పీడబ్ల్యూడీది అని చేతులు దులుపుకున్నామో అప్పుడే పూడిక నిండింది. అబ్దుల్లాపురం రన్‌వే కూడా 'అథారిటీ వాళ్లది' అనుకుంటూ ఉంటే గడ్డి మొలుస్తుంది. టెర్మినల్ గోడలకు సున్నం కొట్టి తాళం వేస్తారు. రెండేండ్లకొకసారి పేపర్లో 'త్వరలో' అని వస్తుంది. అక్కడ పెట్టిన దుడ్డు మన పన్నుల దుడ్డే కదా.

మరి ఏం అడగాలి? మేము నాలుగు మాటలు అనుకున్నాము.

ఒకటి, పైలట్ల శిక్షణ. ఏర్‌పోర్ట్స్ అథారిటీ వారు 2020 తర్వాత తమ స్థలాల్లో శిక్షణ స్కూళ్లకు టెండర్లు పిలిచినారు, రాయల్టీ కూడా తీసేసినారు. రెండో విడత జాబితాలో మన సేలం ఉంది, కడప ఉంది. వేలూరును కూడా ఆ వరసలో పరిశీలించమని అడగాలి. శిక్షణ విమానానికి పొడవైన రన్‌వే అక్కరలేదు, ఇంతకు ముందు ఇక్కడే నడిచిన పని ఇది. స్కూలు వస్తే మెకానిక్కు కోర్సు కూడా అడగవచ్చు. పైలట్ ఫీజు మన పిలకాయలు అందరూ కట్టలేరు, నిజమే. ఐటీఐ చదివినవాడికి విమానం రిపేరు పని నేర్పితే అది కొలువు.

రెండు, ఏర్ అంబులెన్స్. ఐదా స్కడ్డర్ అమ్మగారు 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన సీఎంసీ ఈనాడు ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు. 2022లో రాణిపేటలో కూడా కొత్త ఆవరణ తెరిచినారు. పిలాటస్ పీసీ-12 లాంటి ఒంటి ఇంజను విమానాలు పొట్టి రన్‌వేల కోసమే చేసినవి. అయితే ఒక సంగతి. వేలూరు ఎండ మనకు తెలుసు. ఎండకు గాలి పలుచబడుతుంది, పలుచని గాలిలో విమానం లేవడానికి జాస్తి దూరం పరుగెత్తాలి. చల్లటి దేశంలో చాలిన పొడవు ఇక్కడ మే నెల మధ్యాహ్నం చాలకపోవచ్చు. కాబట్టి ఏ రకం విమానం, ఏ బరువుతో, ఏ వేళలో దిగగలదో నిపుణులచేత తేల్చి జనానికి చెప్పమని అడగాలి. రాత్రి దీపాలు లేకపోతే రాత్రి వచ్చే రోగికి ఆ స్థలం ఉన్నా లేనట్టే.

మూడు, కమిటీ. ఏర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాలకు ఎంపీ అధ్యక్షుడుగా సలహా కమిటీ పెట్టే పద్ధతి ఉంది. వేలూరుకు పెట్టే కమిటీలో అబ్దుల్లాపురం చుట్టుపక్కల పంచాయత్తుల వాళ్లకు, ఆస్పత్రి వాళ్లకు, రైతులకు చోటు ఉండాలి. ఎగిరే వేళలు ఏవి, బడి పరీక్షల కాలంలో చప్పుడు ఎట్లా, తెగిన దారికి బదులు ఏది, ఇవన్నీ ఆ కమిటీలో తేలాలి. సాంటా మోనికాలో జగడం వచ్చింది చుట్టూ ఇళ్లు లేచినాక. మనకు ఇంకా పొలాలు మిగిలి ఉన్నాయి. రన్‌వే కొసల్లో ప్లాట్లు వేసి అమ్మే ముందే నియమం పెట్టించుకోవాలి. లేకపోతే ఇల్లు కట్టుకున్నవాడూ నష్టపోతాడు, విమానమూ దిగలేదు.

నాలుగు, లెక్క. ఇప్పటిదాకా ఎంత ఖర్చు అయింది, ఏడాదికి కాపలాకు, మరామత్తుకు ఎంత అవుతుంది, రాబడి ఎంత, ఇది ఏటా తమిళంలో బయట పెట్టాలి. ఆడిసన్‌లో వేరు పద్దు ఉంది కాబట్టే ఊరివాడు ప్రశ్న అడగగలుగుతున్నాడు. పద్దు లేని చోట పుకారే పద్దు.

మన సంఘంలోనే కొందరు అంటారు, ఇదంతా దుడ్డున్నవాళ్ల ఆట, సొంత విమానం ఉన్నవాడి కోసం రైతు కయ్య ఎందుకు పోవాలి అని. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. మేము కూడా కొత్తగా భూమి తీసుకుని పెద్దది చేయమని అడగడం లేదు. ఉన్న స్థలం, ఉన్న రన్‌వే, కట్టిన టెర్మినల్, వీటిని పనికి పెట్టమంటున్నాము. పొడవు పెంచాలి అనే మాట వస్తే, ఎవరి భూమి, ఎంత పరిహారం, ఎందుకు అవసరం అనేది గ్రామసభలో పెట్టిన తర్వాతే. ఇక దుడ్డున్నవాడి విమానం మాట. అతను దిగితే బాడుగ కట్టాలి, పెట్రోలు మీద రుసుము కట్టాలి. ఆ దుడ్డుతోనే అంబులెన్స్ విమానానికి దీపం వెలగాలి. ఫస్టు క్లాసువాడి టికెట్టు దుడ్డు సెకండు క్లాసుకు సాయపడటం రైల్వేలో మేము చూసిన పద్ధతే.

ఇంకొకరు అంటారు, పక్కన హోసూరులో పెద్ద విమానాశ్రయం కడతామని 2024లో తమిళనాడు సర్కారు ప్రకటించింది, కుప్పంలో కడతామని 2019లో ఆంధ్ర సర్కారు శంకుస్థాపన చేసింది, మనది ఎందుకు అని. అవన్నీ వస్తే మంచిదే. వచ్చినా రాకపోయినా, అక్కడినుంచి మన ఆస్పత్రికి గంటల ప్రయాణం. కట్టి ఉన్నదాన్ని వదిలి కట్టబోయేదాని కోసం కాచుకుని కూర్చోవడం బుద్ధిమంతుల పని కాదు.

సభ్యులకు ఒక మనవి. ఈ నాలుగు అంశాలతో అరవంలో ఒక వినతిపత్రం తయారు చేస్తున్నాము. కలెక్టరాఫీసులో సోమవారం జరిగే కుఱైతీర్పు కూటంలో ఇవ్వాలని ఆలోచన. అబ్దుల్లాపురం, పళ్లికొండ, ఊసూరు వైపు ఉండే సభ్యులు ముందు తమ పంచాయత్తు వాళ్లతో మాట్లాడండి, వాళ్లకు ఇష్టం లేని మాట ఏదైనా ఉంటే పత్రంలోంచి తీసేద్దాం. టెక్సాస్‌లో పిలకాయలు ఉన్నవాళ్లు ఒక ఆదివారం వాళ్లను ఆడిసన్ పంపించి, అక్కడివాళ్లు చప్పుడు సంగతి, బాడుగ సంగతి ఏమంటారో అడిగి రాయించండి. సంఘం రెండో ఆదివారం కూటంలో సంతకాలు పెట్టిద్దాం.

కాఫీ వేళకు మళ్లీ ఎవరైనా 'విమానం ఎప్పుడు' అంటే, పత్రం ఆయన చేతికిచ్చి ముందు సంతకం పెట్టమనండి.